నోటికి రాకముందు కంటికి కనపడాలి
గుణకార భాగహారాలను పిల్లలకు వరుసలతో, ఆటలతో నేర్పే పద్ధతి

ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లను “ఏడెనిమిదులు ఎంత?” అని అడిగితే తడుముకోకుండా “యాభైయారు” అంటుంది. అదే పిల్లను “వరుసకు ఎనిమిది చొప్పున ఏడు వరుసల కుర్చీలు వేశాం, మొత్తం ఎన్ని?” అని అడిగితే, “కూడాలా, గుణించాలా?” అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ఎక్కం నోటికి వచ్చింది. అది దేని లెక్కో మాత్రం మనసుకు పట్టలేదు.

ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామాల్లో నిర్వహిస్తున్న ‘అసర్’ సర్వేలో లెక్కల పరీక్షకు ఆఖరి మెట్టు భాగహారం: మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించాలి. 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో ఆ లెక్క చేయగలిగినవారు మూడో వంతు కూడా లేరు. ఈ పరిస్థితి మారాలంటే పిల్లలు అంకెలకన్నా ముందు వస్తువులతో లెక్క చేయాలి. అందుకు గుప్పెడు చింతపిక్కలు, రెండు చీపురుపుల్లలు, ఒక గళ్ళ నోటుపుస్తకం చాలు.

నాలుగు దాటితే కన్ను తడబడుతుంది

ఇంగ్లండుకు చెందిన ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ గింజలను పెట్టెలోకి విసిరి, చూసిన మరుక్షణం ఎన్ని పడ్డాయో చెప్పగలనా అని తనను తానే పరీక్షించుకున్నాడు. వెయ్యికి పైగా సార్లు విసిరి, ఆ ఫలితాలను 1871లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. మూడో నాలుగో గింజలు పడ్డప్పుడు ఒక్కసారీ పొరబడలేదు. ఐదు దగ్గర్నుంచి తప్పులు మొదలయ్యాయి. మన చూపుకున్న హద్దు ఇదే. అది దాటితే లెక్కపెట్టాలి, లేదా వరుసల్లో పేర్చుకోవాలి.

24 చింతపిక్కలను పళ్ళెంలో కుప్పగా పోస్తే ఒక్కొక్కటీ ఎంచక తప్పదు. నాలుగు వరుసల్లో ఆరేసి పేరిస్తే, వరుసలు ఎన్నో, వరుసకు ఎన్నో తెలిస్తే సరిపోతుంది. గుణకారం అంటే ఇదే. ఇప్పుడు పళ్ళేన్ని పక్కకు తిప్పండి. ఆరు వరుసల్లో నాలుగేసి కనిపిస్తాయి. ఒక్క పిక్క కూడా కలపలేదు, తీయలేదు. కాబట్టి 4 × 6, 6 × 4 ఒకటే. ఇది అర్థమైన పిల్లకు ఒకటి నుంచి పది వరకు ఎక్కాల్లోని 100 లెక్కల బరువు ఒక్కసారిగా 55కి తగ్గుతుంది. మిగతావన్నీ పళ్ళెం తిప్పితే వచ్చేవే.

ఏడెనిమిదులు మరిచిపోయిందా? ఏడు వరుసల్లో ఎనిమిదేసి పిక్కలు పేర్చి, ఐదో వరుస కింద ఒక చీపురుపుల్ల అడ్డంగా పెట్టమనండి. పైన ఐదు ఎనిమిదులు నలభై, కింద రెండు ఎనిమిదులు పదహారు. కలిపితే 56. తెలిసిన ఎక్కాల నుంచి తెలియనిదాన్ని రాబట్టుకోవడం వచ్చాక, మరపు పిల్లను భయపెట్టదు.

ఇదే పళ్ళెంలో ప్రధాన సంఖ్యలూ బయటపడతాయి. 12 పిక్కలను ఒకటి పన్నెండుగా, రెండు ఆరులుగా, మూడు నాలుగులుగా పేర్చవచ్చు. 13 తీసుకుంటే ఎన్ని రకాలుగా ప్రయత్నించినా ఒక్క వరుసలోనే ఒదుగుతుంది. ఎందుకో పిల్లలనే వెతకనివ్వాలి. ఏయే సంఖ్యలు ఇలా మొండికేస్తాయో జాబితా రాయమంటే 2, 3, 5, 7, 11, 13 అంటూ వాళ్ళే రాసుకుపోతారు.

భాగహారంలో రెండు ప్రశ్నలు

12 లడ్డూలను ముగ్గురికి సమంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని? 12 ఇడ్లీలను ప్లేటుకు మూడేసి పెడితే ఎన్ని ప్లేట్లు? రెండింటికీ జవాబు నాలుగే. కానీ చేతులు చేసే పని వేరు. మొదటిదాంట్లో వంతులవారీగా ఒక్కొక్కటీ పంచుతాం. రెండోదాంట్లో మూడేసి విడదీస్తూ పోతాం. బడిలో మొదటిది మాత్రమే చెబితే పై తరగతుల్లో చిక్కు వస్తుంది. ఆరును అరతో భాగించమంటే “అర మనిషికి ఎలా పంచుతాం?” అని పిల్లలు నిలిచిపోతారు. రెండో ప్రశ్న తెలిస్తే చిక్కే లేదు: ఆరు రొట్టెలున్నాయి, ఒక్కొక్కరికి అర చొప్పున ఎంతమందికి వస్తాయి? పన్నెండు మందికి.

శేషాన్ని కూడా సందర్భంతోనే చూపాలి. 17 మంది పిల్లలు, ఆటోకు ఐదుగురు. లెక్క ప్రకారం భాగఫలం 3, శేషం 2. కానీ ఆటోలు నాలుగు కావాలి, ఆ ఇద్దరినీ వదిలేసి పోలేం కదా! అదే 17 రూపాయలతో ఐదు రూపాయల పెన్నులు కొంటే మూడే వస్తాయి.

ఇక అసర్ పరీక్షలాంటి లెక్క. 732ను 6తో భాగించాలి. కాగితంతో చేసిన ఆట నోట్లు ఏడు వందలు, మూడు పదులు, రెండు రూపాయి బిళ్ళలు ఇచ్చి ఆరుగురిని కూర్చోబెట్టండి. ముందు పెద్ద నోట్లు పంచుతారు. తలా ఒక వంద పోగా ఒకటి మిగులుతుంది. దాన్ని ‘బ్యాంకు’లో చిల్లర మారిస్తే పది పదులు వస్తాయి, ఉన్న మూడుతో కలిపి పదమూడు. తలా రెండు పోగా ఒక పది మిగులుతుంది. మళ్ళీ చిల్లర మారిస్తే పది రూపాయలు, ఉన్న రెండుతో పన్నెండు. తలా రెండు. ఒక్కొక్కరి దగ్గర 122 రూపాయలు ఉంటాయి. భాగహారం ఎడమవైపు నుంచి ఎందుకు మొదలుపెడతామో, పక్క అంకెను ఎందుకు కిందికి దించుతామో ఇప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

ఆటలోనే లెక్క

వామనగుంటల పీట మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు. గుంటకు ఐదేసి గింజలు వేస్తే మొత్తం ఎన్ని కావాలి? అది గుణకారం. చేతిలో 17 గింజలుంటే, 14 గుంటల చుట్టూ ఒక్కొక్కటిగా వేస్తూ పోతే ఆఖరి గింజ ఎక్కడ పడుతుంది? ఒక చుట్టు పూర్తయి మూడు మిగులుతాయి, కాబట్టి మొదలుపెట్టిన చోటు నుంచి మూడో గుంటలో. అది భాగహారం. గెలవాలనుకునే పిల్లలు ఈ శేషాన్ని ఎవరూ చెప్పకుండానే మనసులో లెక్క కట్టేస్తారు.

ఇద్దరు ఆడే ఇంకో ఆటకు రెండు పాచికలు, గళ్ళ పుస్తకం కావాలి. ఒక్కొక్కరూ పది గళ్ళ పొడవు, పది గళ్ళ వెడల్పున చతురస్రం గీసుకోవాలి. పాచికల్లో మూడు, ఐదు పడితే అందులో 3 × 5 దీర్ఘచతురస్రం గీసి, 15 అని రాయాలి. పడిన సంఖ్యలకు చోటు లేకపోతే వంతు పోయినట్లే. ఇద్దరికీ వరుసగా వంతు పోతే ఆట ముగుస్తుంది. ఎక్కువ గళ్ళు నింపినవారిదే గెలుపు. పోనుపోను ఎంత సైజు ముక్క కావాలో పిల్లలు ముందే ఆలోచించుకుంటారు.

పిక్కల నుంచి అంకెలకు

అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో జ్ఞానాన్ని మనసులో నిలుపుకునే తీరులను మూడుగా చెప్పాడు: చేసి, బొమ్మగా చూసి, గుర్తులుగా రాసి. పిక్కలు మొదటి మెట్టు, గళ్ళ పుస్తకం రెండోది, అంకెలు మూడోది. రెండో మెట్టును తొందరపడి దాటేయకూడదు. 14 × 23కు ఎవరూ పిక్కలు పేర్చలేరు. గళ్ళ పుస్తకంలో ఆ కొలతలతో దీర్ఘచతురస్రం గీసి, 14ను పది, నాలుగుగా, 23ను ఇరవై, మూడుగా విడదీస్తే నాలుగు గదులు వస్తాయి: 200, 30, 80, 12. మొత్తం 322. మామూలు పద్ధతిలో 23 కింద 14 రాసి గుణిస్తే మొదటి వరుసలో వచ్చే 92 అంటే కింది రెండు గదులు. రెండో వరుసలో వచ్చే 230 అంటే పై రెండు గదులు. రెండో వరుసలో ఒకట్ల స్థానం ఎందుకు వదులుతామో బొమ్మే చెబుతుంది.

ఇంత జరిగాక ఎక్కాలు కంఠతా పట్టించాల్సిందే. నోటికి వచ్చిన ఎక్కం పెద్ద లెక్కల్లో సమయాన్ని, శ్రమను మిగులుస్తుంది. పెద్దలు మార్చుకోవలసింది వరుస: ముందు చూపు, తర్వాత కంఠస్థం. పిల్ల జవాబు చెప్పగానే “సరే, ఎలా వచ్చిందో చూపించు” అనే అలవాటు ప్రతి ఇంట్లో, ప్రతి తరగతిలో రావాలి. చూపించగలిగిన పిల్ల రేపు ఎక్కం మరిచినా లెక్క తప్పదు.