విడుదలకు ముందే పునరావాసం – ఖైదీల ఉపాధికి సన్నాహాలు

బనగానపల్లె: శిక్షాకాలం ముగించుకొని కారాగారం వెలుపలికి వచ్చే వ్యక్తికి తొలి కొద్ది వారాలు అత్యంత కీలకమైనవి. చేయడానికి పని, తలదాచుకోవడానికి నీడ, గుర్తింపు పత్రాలు, కుటుంబ ఆదరణ అనే నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ వ్యక్తి తిరిగి పాత పరిస్థితులలోకి జారిపోయే ప్రమాదం ఉన్నది. అందువల్ల ఖైదీల పునరావాసం విడుదల రోజున కాక, శిక్ష ఆరంభంలోనే మొదలు కావాలని ఆధునిక కారాగార విధానం నిర్దేశిస్తున్నది. 2015 డిసెంబరు 17న ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు సైతం ఇదే విషయాన్ని స్పష్టం చేసినవి. ఖైదీ విడుదలతో సమాజం బాధ్యత తీరిపోదని, విడుదలైనవారికి అవసరమైన పత్రాలు, వసతి, పని, దుస్తులు సమకూర్చడానికి తోడ్పడాలని ఆ నియమాలు పేర్కొంటున్నవి.

నంద్యాల జిల్లాలోని బనగానపల్లె వంటి మెట్ట ప్రాంతాలకు ఈ అంశం మరింత ప్రాధాన్యం గలది. నాపరాతి గనులు, పాలిష్ యూనిట్లు, మామిడి తోటలు, వర్షాధార సేద్యం ఈ ప్రాంత ప్రజలకు ప్రధాన జీవనాధారాలు. ముఠా కక్షల కాలంలో రాయలసీమ పల్లెల నుండి అనేకులు హత్యానేరాలపై దీర్ఘకాలిక శిక్షలకు గురైనారు. వారు కారాగారంలో ఉన్న కాలమంతా ఇంటి భారం భార్యపైన, వృద్ధులైన తల్లిదండ్రులపైన పడింది. నేరంలో ఆప్తులను కోల్పోయిన కుటుంబాలు సైతం అవే గ్రామాలలో నివసిస్తున్నవి. కాబట్టి ఇచ్చట పునరావాసం కేవలం ఒక వ్యక్తికి పని చూపించే కార్యక్రమం కాదు, గ్రామ ప్రశాంతతకు సంబంధించిన విషయం కూడా.

చట్టపరమైన పునాది

కారాగారాలు రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు ప్రకారం రాష్ట్ర జాబితాకు చెందిన అంశం. 1894 నాటి కారాగారాల చట్టం ప్రధానంగా నిర్బంధం, క్రమశిక్షణలను దృష్టిలో ఉంచుకొని రూపొందినది. జస్టిస్ ముల్లా అధ్యక్షతన 1980లో ఏర్పాటైన అఖిల భారత కారాగార సంస్కరణల కమిటీ, 1983లో సమర్పించిన నివేదికలో సంస్కరణ, పునరావాసాలకు పెద్దపీట వేసింది. 2016 నాటి నమూనా కారాగార నియమావళి, 2023లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు పంపిన నమూనా కారాగారాలు, సంస్కరణ సేవల చట్టం వృత్తి శిక్షణకు, విడుదలానంతర సంరక్షణకు స్థానం కల్పించినవి.

ఈ దిశలో ముందుగా గుర్తుచేసుకోదగిన తీర్పులలో ఒకటి ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన కేసులోనిదే. ఉద్యోగాలు ఇప్పిస్తామని యువకులను మోసగించిన కేసులో 1977లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, నిందితునికి విధించిన శిక్షను తగ్గించడమే కాక, కారాగారంలో అతనికి తగిన పని కల్పించి వేతనం చెల్లించాలని ఆదేశించింది. శిక్ష విధించే న్యాయస్థానం ఆ వ్యక్తి సంస్కరణను కూడా ఆలోచించాలన్నది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వెలువరించిన ఆ తీర్పు సారాంశం.

వేతనం – పొదుపు – పరిహారం

కఠిన శిక్ష పడిన ఖైదీ చేత పని చేయించవచ్చును గాని, ఆ పనికి న్యాయమైన వేతనం చెల్లించవలసిందేనని సుప్రీంకోర్టు 1998లో గుజరాత్ కేసులో తీర్పు ఇచ్చింది. అంతకు దశాబ్దం ముందే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, వేతనం లేకుండా ఖైదీ చేత పని చేయించడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికి వస్తుందని పేర్కొనడం గమనార్హం. ఖైదీ సంపాదన నుండి కొంత భాగాన్ని నేర బాధితులకు పరిహారంగా కేటాయించేందుకు చట్టం చేయాలని కూడా 1998 నాటి తీర్పు సూచించింది.

ఈ వేతనానికి మూడు ప్రయోజనాలు ఉన్నవి. ఖైదీ కొంత మొత్తాన్ని తన అవసరాలకు వాడుకొనవచ్చును. కొంత ఇంటికి పంపవచ్చును. మిగిలినది పొదుపుగా నిలిచి, విడుదల రోజున చేతికి అందుతుంది. కుట్టు యంత్రం కొనుగోలుకో, నాలుగు గొర్రెలకో, ఇంటి పైకప్పు మరమ్మతుకో ఆ పొదుపు అక్కరకు వస్తుంది. ఇంటికి క్రమంగా కొద్ది మొత్తమైనా పంపిన వ్యక్తికి, తిరిగి వచ్చినపుడు కుటుంబంలో అతని స్థానం కూడా నిలిచి ఉంటుంది.

పనుల కేటాయింపులో వివక్షకు తావు లేదు. కులాన్ని బట్టి ఖైదీలకు పారిశుధ్యం, వంట వంటి పనులు అప్పగించే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు చెప్పింది. దీని ప్రకారం వృత్తి శిక్షణలో సైతం ఖైదీ ఆసక్తి, సామర్థ్యం మాత్రమే ప్రాతిపదిక కావలసి ఉన్నది.

అనంతపురం ఆరుబయలు కారాగారం

రాయలసీమలో విడుదలకు ముందస్తు సన్నాహానికి చక్కని ఉదాహరణ అనంతపురం సమీపంలోని రెడ్డిపల్లి ఖైదీల వ్యవసాయ క్షేత్రం. 1954లో హైదరాబాద్ చెంత మౌలాలీలో ప్రారంభమైన ఆరుబయలు కారాగారం తరువాత, 1965లో ఇది ఏర్పాటైనది. ఎత్తైన గోడలు, గడియలకు బదులు ఇచ్చట పొలాలు, తోటలు కనిపిస్తాయి. కేంద్ర కారాగారాలలో కొంతకాలం శిక్ష అనుభవించి, సత్ప్రవర్తన కనబరచిన వారిని ఎంపిక చేసి ఇచ్చటికి పంపుతారు.

ఈ పద్ధతిలోని ప్రయోజనం సులభంగా బోధపడుతుంది. సంవత్సరాల తరబడి గంట కొట్టినపుడు లేచి, గంట కొట్టినపుడు తిని, ప్రతి చిన్న విషయానికి అనుమతి కోరిన వ్యక్తి స్వయంగా నిర్ణయాలు తీసుకొనే అలవాటును కోల్పోతాడు. పైరుకు నీరు ఎప్పుడు పెట్టవలెనో, పశువుకు మేత ఎంత వేయవలెనో తానే నిర్ణయించుకొనే పని ఆ శక్తిని తిరిగి అలవరుస్తుంది. పైగా మెట్ట సేద్యం, పశుపోషణ ఈ ప్రాంత ఖైదీలలో అత్యధికులకు చిన్ననాటి నుండి పరిచితమైన పనులు.

హైదరాబాద్ చంచల్‌గూడ కారాగారం వెలుపల 2010 దశకంలో ప్రారంభమైన పెట్రోలు బంకు మరొక నమూనా. ఇచ్చట ఖైదీలు ప్రజలతో నేరుగా వ్యవహరిస్తూ, నగదు లెక్కలు చూస్తూ పని నేర్చుకొన్నారు. విడుదలైన వారికి సైతం ఇటువంటి బంకులలో ఉద్యోగాలు లభించినవి. నిత్యం వచ్చే వినియోగదారునికి ఖైదీ పట్ల గల సంకోచం తొలగిపోవడం ఈ పద్ధతి వల్ల కలిగిన అదనపు ప్రయోజనం.

స్థానిక అవసరాలకు తగిన శిక్షణ

కేంద్ర కారాగారాలలో నేత, కుట్టుపని, వడ్రంగం వంటి వృత్తులు చిరకాలంగా ఉన్నవి. అయితే లోపల నేర్చిన వృత్తికి వెలుపల పని దొరికినపుడే శిక్షణ సార్థకమవుతుంది. మగ్గం లేని ఊరికి తిరిగి వెళ్లే వ్యక్తికి నేత నేర్పడం వలన ప్రయోజనం పరిమితం. బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాలకు చెందిన వారికి రాతి కోత, పాలిష్ యంత్రాల నిర్వహణ, విద్యుత్ మోటార్ల మరమ్మతు, వెల్డింగ్, బండ పరుపు పని వంటివి నేరుగా ఉపయోగపడతాయి. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించిన నేపథ్యంలో అంటుకట్టడం, కొమ్మల కత్తిరింపు, కాయల గ్రేడింగ్, బిందు సేద్య పరికరాల అమరిక తెలిసిన పనివారికి తోటలలో అవకాశాలు ఉన్నవి.

శిక్షణ పూర్తిచేసిన వారికి ఇచ్చే ధ్రువపత్రం పారిశ్రామిక శిక్షణ సంస్థ లేదా నైపుణ్య శిక్షణ సంస్థ పేరున ఉండటం మేలు. దానిపై కారాగారం పేరు ముద్రితమైతే యజమాని నైపుణ్యాన్ని కాక నేరాన్నే చూసే అవకాశం ఉన్నది. చదువు మధ్యలో ఆపిన వారికి ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వంటి సంస్థల ద్వారా కారాగారం నుండే పట్టా పొందే వీలు ఉన్నది.

మారిన లోకం – కావలసిన పత్రాలు

2008లో కారాగారానికి వెళ్లి 14 సంవత్సరాల అనంతరం 2022లో విడుదలైన బనగానపల్లె ప్రాంత వాసి విషయాన్ని ఊహిస్తే పత్రాల సమస్య తీవ్రత అర్థమవుతుంది. అతను లోపల ఉండగా 2010లో ఆధార్ జారీ ప్రారంభమైనది. 2014లో రాష్ట్రం విభజితమైనది. 2016 నవంబరులో పాత 500, 1,000 రూపాయల నోట్లు రద్దయినవి. 2022 ఏప్రిల్ 4న అతని ఊరు కర్నూలు జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన నంద్యాల జిల్లాలోకి మారింది. అతని పాత చిరునామాలోని జిల్లా పేరు సైతం చెల్లకుండా పోయింది. రేషన్ కార్డులో పేరు తొలగిపోవడం, డ్రైవింగ్ లైసెన్సు గడువు తీరిపోవడం, భూమి రికార్డులలో మార్పులు జరగడం సాధారణంగా ఎదురయ్యే చిక్కులు.

కాబట్టి విడుదలకు కొన్ని నెలల ముందే ఆధార్ నమోదు లేదా సవరణ, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డులో పేరు చేర్పు, ఓటరు నమోదు, పట్టాదారు పాసుపుస్తకం పరిశీలన పూర్తి కావలసి ఉన్నది. సెల్‌ఫోన్ ద్వారా చెల్లింపులు జరిపే విధానం, సైబర్ మోసాల పట్ల జాగ్రత్తలు కూడా ఈ సన్నాహంలో భాగం కావాలి.

విచారణ ఖైదీలు, పేద ఖైదీలు

పునరావాస చర్చలో తరచు మరుగునపడేది విచారణ ఖైదీల అంశం. శిక్ష పడకుండానే నెలల తరబడి నిర్బంధంలో ఉండటం వల్ల కూలి పని, కౌలు భూమి చేజారిపోయే ప్రమాదం ఉన్నది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షను ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా నిర్ధారణ కాని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడింట ఒక వంతు కాలం నిర్బంధంలో గడిపితే విడుదలకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవ శిక్షలకు ఆస్కారం ఉన్న కేసులకు, ఒకటికి మించి కేసులు ఉన్నవారికి ఇది వర్తించదు. జామీను సొమ్ము లేక నిలిచిపోయిన పేద విచారణ ఖైదీలకు 40,000 రూపాయల వరకు, జరిమానా చెల్లించలేని శిక్షిత ఖైదీలకు 25,000 రూపాయల వరకు సహాయం అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023లో రూపొందించింది. ఉచిత న్యాయ సహాయం కోరువారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చును.

ఉద్యోగ నియామకాలలో జాగ్రత్తలు

నేరస్థుల ప్రొబేషన్ చట్టం, 1958లోని 12వ సెక్షను ప్రకారం, ఆ చట్టం కింద మందలింపుతో గాని, సత్ప్రవర్తన హామీపై గాని విడుదలైన వ్యక్తికి ఆ దోషనిర్ధారణ కారణంగా అనర్హత అంటదు. ఉద్యోగ దరఖాస్తులో పాత కేసుల వివరాలను దాచరాదని, అదే సమయంలో కేసు స్వభావాన్ని, తీవ్రతను యజమాని పరిగణించాలని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. అభ్యర్థి నిజం చెప్పడం, యజమాని విచక్షణతో వ్యవహరించడం ఈ రెండూ అవసరమే.

గ్రామస్థాయిలో సమన్వయం

కక్షలతో ముడిపడిన కేసులలో విడుదలకు ముందు గ్రామ పరిస్థితిని విచారించడం తప్పనిసరి. ప్రొబేషన్ అధికారి కుటుంబ సభ్యులతో మాట్లాడటంతో పాటు, బాధిత కుటుంబం భయాందోళనలను కూడా నమోదు చేయవలసి ఉంటుంది. విడుదల సమాచారం ఆ కుటుంబానికి వదంతిగా కాక అధికారుల ద్వారా ముందుగా తెలిస్తే ఉద్రిక్తత తగ్గుతుంది. కొందరు కొంతకాలం వేరొక ఊరిలో పని చేసుకోవడమే శ్రేయస్కరం కావచ్చును. అటువంటి వారికి గనులు, పరిశ్రమల వద్ద వసతితో కూడిన పని చూపవలసి ఉన్నది.

మహిళా ఖైదీల విషయంలో సమస్య భిన్నమైనది. శిక్ష పడిన మహిళను అత్తవారిల్లు, పుట్టినిల్లు రెండూ నిరాకరించే సందర్భాలు ఉన్నవి. వారికి తాత్కాలిక వసతి గృహం, స్వయం సహాయక సంఘంలో సభ్యత్వం, పిల్లలకు వసతి పాఠశాలలో ప్రవేశం ఒకేసారి లభించేలా ఏర్పాట్లు అవసరం.

కారాగార, రెవెన్యూ, పోలీసు, కార్మిక, గ్రామీణాభివృద్ధి శాఖలు, బ్యాంకులు, న్యాయ సేవాధికార సంస్థ తమ తమ పరిధిలో చేసే పనులు విడుదల తేదీ నాటికి ఒకచోట కలిసినపుడే ఈ సన్నాహం ఫలిస్తుంది. విడుదల కానున్న వారి జాబితా సంబంధిత మండల అధికారులకు ముందుగా అందితే, ఆ వ్యక్తి ఊరికి చేరేసరికి రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా, పని చూపే యజమాని సిద్ధంగా ఉండటం సాధ్యమవుతుంది.