కారులో పెట్రోల్ వాసనా? అది ఎప్పుడు వస్తుందో ముందు గమనించండి

ఈ ఎపిసోడ్ నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

మాది తాడేపల్లిగూడెం. నా బండి 2013 మోడల్ పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఒక ఆదివారం పొద్దున్నే గూడెంలో ఫుల్ ట్యాంక్ కొట్టించి, ఏలూరులో అక్కనీ మేనల్లుణ్ణీ ఎక్కించుకుని, ఆటపాక పక్షుల్ని చూద్దామని కైకలూరు రోడ్డు ఎక్కాను. కొల్లేరులోకి వచ్చేసరికి వెనక సీట్లోంచి మావాడు, "మావయ్యా, బంకు వాసనొస్తుంది" అన్నాడు. నేనేమో "చేపల చెరువులు కదరా, మేత వాసన" అని కొట్టిపారేశాను. కాసేపటికి తలనొప్పి అన్నాడు, ఆ తర్వాత వాంతి చేసుకున్నాడు. అప్పుడు ఆపాను.

నాకెందుకు తెలియలేదంటే, ఒకే వాసనలో కాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. పైగా నేను ముందు కూర్చున్నాను, లీకు వెనకుంది. అందుకే బండిలో కొత్తగా ఎక్కినవాళ్ళు వాసన అంటే వాళ్ళ మాటే నమ్మండి.

బండి కింద చుక్క కూడా కారట్లేదు. మర్నాడు ఒక మెకానిక్‌కి చూపిస్తే "ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే అలాగే ఉంటాదండి, రెండ్రోజుల్లో పోతాది" అన్నాడు. నిజంగానే పోయింది! మళ్ళీ ఫుల్ కొట్టించగానే మళ్ళీ వచ్చింది. అంటే ఆయన చూసింది కరెక్టే, కానీ వదిలేయమన్నాడే, అదే తప్పు. ఫుల్ ట్యాంక్ అయినా సరే, బాగున్న కారులో లోపలికి వాసన రాకూడదు.

ట్యాంక్ నిండినప్పుడే వాసన వస్తుందంటే లీకు ట్యాంక్ పైభాగంలో ఉన్నట్టు. చాలా చిన్న కార్లలో వెనక సీటు కింద ఒక మూత ఉంటుంది, దాని కింద ఫ్యూయల్ పంప్. పంపుకీ ట్యాంకుకీ మధ్య గుండ్రటి రబ్బరు సీలు ఉంటుంది. పెట్రోల్ అక్కడిదాకా ఉన్నప్పుడు గతుకుల్లో తొణికి పైకి తగులుతుంది. ఏలూరులో ఇంకో మెకానిక్ సీటు లేపి చూపించాడు: మూత చుట్టూ దుమ్ము తడిసి నల్లగా పేరుకుంది. సీలు గట్టిపడి పగిలిపోయింది. పెట్రోల్ పోసే గొట్టం, దాని రబ్బరు పైపు పగిలినా ఇలాగే ఉంటుంది.

పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వాసనొచ్చి, ఇంజిన్ వేడెక్కాక తగ్గితే బానెట్ కింద చూడాలి. చలికి రబ్బరు బిగుసుకుని ఇంజెక్టర్ల దగ్గర సీళ్ళు, పైపు జాయింట్లు కాస్త వదులవుతాయి. ఏసీ వేసినప్పుడే వస్తుందా? అదీ బానెట్ కిందే చాలాసార్లు, ఎందుకంటే ఏసీకి బయటిగాలి అద్దం ముందున్న జాలీలోంచే వెళ్తుంది. మన వైపు వరిచేల పక్కన బండి పెట్టేవాళ్ళకి ఇంకోటి, ఎలుకలు. పైపు కొరికాయేమో చూడండి.

అన్నట్టు, ఇవన్నీ చూసేముందు డిక్కీ తెరవండి. చెరువు దగ్గర ఇంజిన్‌కనో స్ప్రేయర్‌కనో పెట్రోల్ డబ్బా వేసుకెళ్ళి మర్చిపోయేవాళ్ళు ఎంతమందో!

బంకులో ఒక అలవాటు మానండి. గన్ను దానంతట అది 'టక్' మని ఆగాక "రౌండ్ ఫిగర్ చేసెయ్ అన్నా" అంటాం కదా, వద్దు. ట్యాంకులో పుట్టే ఆవిరిని పట్టుకోవడానికి బొగ్గు నింపిన డబ్బా ఒకటి ఉంటుంది, కానిస్టర్ అంటారు. ఎక్కువ పోస్తే పెట్రోలే అందులోకి వెళ్తుంది, తడిసిన బొగ్గు ఇక ఆవిరిని పట్టుకోలేదు.

ఇథనాల్ సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లు దానికి సరిపడే మెటీరియల్‌తో వస్తున్నాయి. పాత బండ్లలో కొన్నిటికి 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని 2025లో పెట్రోలియం శాఖే చెప్పింది. నా సీలు వయసుకే పోయిందో, దీనివల్లో నేను చెప్పలేను. కానీ పాత బండి ఉంటే సర్వీసులో పైపులూ సీళ్ళూ చూడమని మీరే అడగండి, వాళ్ళంతట వాళ్ళు చూడరు.

చుక్కలు కారుతున్నా, కింద తడి కనిపించినా మాత్రం నడపొద్దు. ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, అందర్నీ దించి దూరం పంపండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలోనూ నిప్పు తగిలితే అంటుకుంటుంది, ఇక మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. సిగరెట్, లైటర్ దగ్గరికి రానివ్వొద్దు. బ్యాటరీ వైరు కూడా పీకొద్దు, అక్కడ నిప్పురవ్వ వస్తుంది. మంట కనిపిస్తే 101 గానీ 112 గానీ. ఇంజిన్ ఆపినా పైపుల్లో టైరు గాలికన్నా ఎక్కువ ప్రెషర్ ఉండిపోతుంది, వీడియో చూసి క్లాంపులు విప్పకండి. ఎం-సీల్ పూసి సరిపెట్టొద్దు.

నా బండికి కొత్త సీలు వేయించాను. సీలు ధర చిన్నదే, ట్యాంకు సగానికి దించి సీటు విప్పి బిగించే పనికే ఎక్కువైంది. తర్వాత మళ్ళీ ఫుల్ కొట్టించి, అద్దాలు ఎక్కించి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే డోర్ తీసి ముందు వెనక సీటు దగ్గరే వాసన చూశాను. ఏమీ లేదు. ఆ ఆదివారం మళ్ళీ ఆటపాక వెళ్ళాం. మావాడు దారంతా కిటికీ దించే కూర్చున్నాడు లెండి, ఇంకా నన్ను నమ్మట్లేదు.