వైద్య నిర్లక్ష్య వ్యాజ్యాలు - చికిత్స వ్యయం: కొత్తచెరువు నేపథ్యం

1. ఉపోద్ఘాతం:
వైద్యునిపై వేసే వ్యాజ్యం రోగికి న్యాయం చేకూరుస్తుందా, వైద్యాన్ని మరింత ఖరీదు చేస్తుందా అన్నది పాత చర్చ. కరవు సీమలోని కొత్తచెరువు వాసులకు ఈ ప్రశ్న దూరమైనది కాదు. పక్కనే పుట్టపర్తిలో పూర్తిగా ఉచితంగా సేవలందించే సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. అనంతపురం, బెంగళూరులలో రుసుము తీసుకొనే ఆసుపత్రులున్నాయి. చట్టం ఈ రెండింటినీ ఒకేలా చూడదు.

2. చట్టం పరిధి:
రుసుము తీసుకొని చేసే వైద్యం 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెప్పే ‘సేవ’ కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను మినహాయించింది. అక్కడి రోగికి సివిల్ కోర్టు మార్గం మాత్రం మిగిలే ఉంటుంది. వ్యాజ్యాల భయంతో అనవసర పరీక్షలు, ఖర్చులు పెరుగుతాయన్న వైద్యుల వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. వైద్యుని బాధ్యత అంతకుముందూ ఉన్నదే. కొత్తగా వచ్చింది మరొక వేదిక మాత్రమే.

3. నిమ్స్ ఉదంతం:
1990లో హైదరాబాదు నిమ్స్‌లో ఛాతీలోని కణితికి శస్త్రచికిత్స జరిగిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి నడుము కింది భాగం చచ్చుబడింది. న్యూరోసర్జన్ తోడు లేకపోవడాన్ని, కణితి తొలగింపునకు తగిన అంగీకారం లేకపోవడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టి, 2009లో కోటి రూపాయల పరిహారం విధించింది. ఈ రెండు లోపాలలో అంగీకారాన్ని వివరంగా తీసుకోవడానికి ఆసుపత్రికి పెద్దగా ఖర్చు కాదన్నది గమనార్హం.

4. భయం ఖరీదు:
అమెరికాలో వైద్య బాధ్యత వ్యవస్థ వ్యయం మొత్తం ఆరోగ్య వ్యయంలో సుమారు 2.4 శాతమని 2010లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో సింహభాగం పరిహారాలది కాదు, కేసుల భయంతో చేసే రక్షణాత్మక వైద్యానిది. పెద్ద నగరంలో ఆ భయం అదనపు స్కానింగుల రూపం దాలుస్తుంది. పరికరాలు లేని చిన్న ఊరి నర్సింగ్‌హోమ్‌లో అది ‘పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి’ అన్న మాటగా మారే అవకాశముంది. అవసరమైన రెఫరల్ ప్రాణం కాపాడుతుంది. భయంతో చేసిన రెఫరల్ వాహనం బాడుగను, తోడు వెళ్ళినవారి కూలి నష్టాన్ని రోగి కుటుంబంపై మోపుతుంది. ఈ ఖర్చు ఆసుపత్రి లెక్కల్లో కనిపించదు.

5. ముగింపు:
నిర్ణయంలో జరిగిన పొరపాటు మాత్రమే నిర్లక్ష్యం కాదని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక వైద్యునికి అసలైన రక్షణ అదనపు పరీక్షల్లో లేదు. తగిన జాగ్రత్తలో, వివరమైన అంగీకారంలో, సక్రమమైన రికార్డుల్లో ఉంది. రుసుము చెల్లించినా, చెల్లించకున్నా ఆ జాగ్రత్త పొందే హక్కు రోగికి సమానమే. ఫిర్యాదు చేసే దారి మాత్రం ఇంకా సమానం కాలేదు.