చెప్పుటయా, అడుగుటయా?

"వాడు వచ్చినాడు" అను మాటను ప్రశ్నగా మార్చుటకు మనకు చివర ఒక్క దీర్ఘము చాలును: "వాడు వచ్చినాడా?" ఇంగ్లీషులో అట్టి ప్రత్యయము లేదు. పదముల వరుస మార్చవలెను. లేదా వరుసను కదపకయే వాక్యాంతమున గొంతు హెచ్చింపవలెను. అందుచేతనే ఆస్ట్రేలియాలో ఒకరు తమ ఊరి సంగతి చెప్పుచు ప్రతి వాక్యమును పైస్వరముతో ముగించినచో, క్రొత్తగా వెళ్ళిన తెలుగు విద్యార్థి "నన్నడుగుచున్నారేమి?" అని తికమకపడవచ్చును.

స్వరము హెచ్చుట ఎట్లు? స్వరపేటికలో రెండు నాదతంత్రులు కలవు. ఊపిరితిత్తులనుండి వచ్చు గాలికి అవి కంపించును. ఆ కంపనములు సామాన్యముగా పురుషులలో సెకనుకు 100 నుండి 120 వరకు, స్త్రీలలో సుమారు 200 ఉండును. వీణతీగ బిగించినట్లు ఒక కండరము ఈ తంత్రులను సాగదీసి బిగించినచో కంపనములు పెరిగి స్వరము హెచ్చును. వాక్యము ముగియువేళకు ఊపిరి ఒత్తిడి తగ్గును గనుక స్వరము దిగుటయే సులభము. అయినను మాటాడువారు దానిని పైకెత్తుచున్నారన్న, అందుకొక ప్రయోజనము ఉండవలెను.

అది యేమి? 1970 దశకమున అమెరికా భాషాశాస్త్రజ్ఞురాలు రాబిన్ లేకాఫ్, స్త్రీల మాటలలోని ఇట్టి స్వరము సంకోచమును తెలుపునని భావించెను. 1993లో జేమ్స్ గోర్మన్ అను రచయిత న్యూయార్క్ టైమ్స్ పత్రికలో దీనిని "అప్‌టాక్" అని పేర్కొనగా ఆ పేరు వ్యాపించెను. కాని 1986లో ప్రకటింపబడిన సిడ్నీ నగర పరిశోధన వేరొక సంగతి తెలిపినది. అభిప్రాయము చెప్పునపుడు ఈ స్వరము అరుదు. కథ చెప్పునపుడు, వర్ణించునపుడు మెండు. సంకోచమే కారణమైనచో, తన కన్నులార చూచినదానిని వర్ణించుటలో అది హెచ్చుగా ఉండనేల? "ఇంతవరకు తెలిసినదిగదా, ఇంకను కలదు" అని వినువారిని వెంట తీసికొనిపోవుటయే దాని పని. మన ఇండ్లలో కథ చెప్పువారు పిల్లలను "ఊ" కొట్టుమందురు. ఇచ్చట ఆ కోరికను గొంతే తెలుపుచున్నది.

ఐర్లండు ద్వీపమునందలి బెల్‌ఫాస్ట్ నగరమున సాధారణ వాక్యములు సైతము పైస్వరముతోనే ముగియును. అచ్చటివారందరును సందేహించుచున్నారని ఎవరనగలరు?

కావున ఉద్యోగమునకు వచ్చిన యువతి గొంతు వాక్యాంతమున లేచినంతమాత్రమున ఆమెకు ధైర్యము చాలదని తీర్పు చెప్పరాదు. ఆమె మనలను జవాబు అడుగుటలేదు. వినుచున్నామో లేదో చూచుకొనుచున్నది. తల యూపిన చాలును.