ఫిజిక్సు పాఠంపై మాస్టార్ల వాదన

పహాడీ షరీఫ్‌లో మన సొసైటీ నడిపే సాయంత్రం ట్యూషన్‌లో ఇద్దరు ఫిజిక్సు మాస్టార్లకు ఈ ఏడాది మాట కలవలేదు. ఒకరు సూత్రం చెప్పి లెక్కలు చేయించాలంటారు. ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, వాటిలో ఫిజిక్సువి 40. అక్కడ ఆలోచిస్తూ కూర్చుంటే సీటు పోతుంది, బీదింటి పిల్లలకు మళ్లీ ఏడాది కోచింగ్ ఎవరిప్పిస్తారన్నది ఆయన బాధ.

రెండో మాస్టారు ముందు చేసి చూడమంటారు. ఒకే బరువున్న ఇద్దరు బాబా షర్ఫుద్దీన్ దర్గా మెట్లెక్కారు, ఒకరు పరుగున, ఒకరు నెమ్మదిగా. భూమ్యాకర్షణకు ఎదురుగా ఎవరు ఎక్కువ పని చేసినట్టు? లెక్కలన్నీ సరిగ్గా చేసిన పిల్లలే పరుగెత్తినవాడన్నారు. పని ఇద్దరిదీ ఒకటే, తేడా సామర్థ్యంలో. (కమిటీలో మేమూ తప్పే చెప్పాం.)

అమెరికాలోనూ ఈ వాదన ఉంది. 1998లో రిచర్డ్ హేక్ ఆరు వేలమందికి పైగా విద్యార్థుల ఫలితాలు పోల్చారు. పాఠం విని ఊరుకున్నవారికంటే చేస్తూ, చర్చిస్తూ నేర్చినవారికి మూలభావాలు బాగా పట్టుబడ్డాయి. మన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ల కిందటే వెలుతురును చీకటి గదిలో పరీక్షించి చూశారు. అయినా ఎప్‌సెట్ తేదీ ఆగదు, మొదటి మాస్టారి మాట కొట్టిపారేయలేం.

అందుకని వారానికి నాలుగు రోజులు లెక్కలు, రెండు రోజులు ప్రయోగాలు పెట్టాం. జకాత్ హక్కుదారుల చేతికే చేరాలి గనుక దాన్ని పిల్లల ఫీజులకే ఇస్తున్నాం. కటకాలు, స్ప్రింగు త్రాసులు అతియా సొమ్ముతోనే కొనాలి. ఇప్పుడు ఎనిమిది మందికి ఒక కటకం ఉంది.