పసిబిడ్డకి సూది నొప్పి తెలుస్తుందా? అమ్మ ఏం చేయొచ్చు?

ఈ ఎపిసోడ్ కొత్తగా అమ్మానాన్నలైన వాళ్ళ కోసం, త్వరలో అవ్వబోయే వాళ్ళ కోసం.

గుంటూరు జీజీహెచ్‌లో కాన్పైనా, ఒంగోలులో అయినా, మీ ఊరి దగ్గర పీహెచ్‌సీలో అయినా, బిడ్డకి పుట్టగానే సూదులు మొదలవుతాయి. విటమిన్ కె, హెపటైటిస్ బి, బీసీజీ. కామెర్లు ఉన్నాయేమోనని మడమ గుచ్చి రక్తం కూడా తీస్తారు. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే పెద్దవాళ్ళు "పసిగుడ్డుకేం తెలుస్తుందిలే" అంటారు. నిజంగా తెలియదా?

తెలుస్తుంది. ఒకప్పుడు చాలామంది డాక్టర్లు కూడా తెలియదనే అనుకున్నారు. 1980ల దాకా నెలలు నిండని పిల్లలకి కదలకుండా మందు ఇచ్చి, నొప్పికి సరైన మందు లేకుండానే ఆపరేషన్లు చేసిన సందర్భాలున్నాయి. ఆ పద్ధతిని మార్చినవాళ్ళలో మన దేశం డాక్టర్ ఒకరున్నారు, కె.జె.ఎస్. ఆనంద్. ఇండోర్‌లో మెడిసిన్ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. ఆపరేషన్ జరిగే నెలలు నిండని పిల్లల్లో కొందరికి ఫెంటానిల్ అనే నొప్పి మందు కూడా ఇచ్చి చూశారు. వాళ్ళ ఒంట్లో స్ట్రెస్ హార్మోన్లు తక్కువగా పెరిగాయి, తర్వాత ఇబ్బందులూ తగ్గాయి. 1987లో అది పబ్లిష్ అయింది.

నొప్పిని ఎలా గుర్తుపడతారు?

బిడ్డ చెప్పలేడు కదా, అందుకే నర్సులకి స్కోర్లు ఉన్నాయి. నిప్స్ అని ఒకటుంది. ముఖం, ఏడుపు, ఊపిరి, చేతులు, కాళ్ళు, మెలకువ, ఈ ఆరూ చూసి 7కి మార్కులు వేస్తారు. మనం కూడా చూడొచ్చు. కనుబొమల మధ్య ముడి, గట్టిగా మూసిన కళ్ళు, ముక్కు పక్కన లోతుగా పడ్డ గీత.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఎస్‌ఎన్‌సీయూలో ఉన్న నీరసమైన బిడ్డకి ఏడ్చే ఓపిక కూడా ఉండదు. ఏడవట్లేదంటే నొప్పి లేదని కాదు.

మరి ఏం చేయాలి?

అన్నిటికంటే మంచి మందు అమ్మ దగ్గరే ఉంది, పైసా ఖర్చు లేదు. సూదికి ముందే పాలు పట్టడం మొదలుపెట్టండి. బిడ్డ బాగా పట్టుకుని తాగుతున్నప్పుడు సూది వేయించండి, తర్వాత కూడా ఆపొద్దు. ఏడుపు మొదలయ్యాక పట్టమంటే పట్టడు, అందుకే ముందే. టీకాల సమయంలో తల్లిపాలు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

పాలు కుదరకపోతే బిడ్డని బట్టల్లేకుండా గుండెలకి ఆనించుకోండి. అదే కంగారూ కేర్. సూదికి పది, పదిహేను నిమిషాల ముందు నుంచే మొదలుపెడితే మంచిది. నాన్న కూడా చేయొచ్చు. అదీ కుదరకపోతే ఒక చెయ్యి తల మీద, ఇంకో చెయ్యి మడిచిన కాళ్ళ మీద పెట్టి మెత్తగా పట్టుకోండి. మిర్చి కళ్ళం నుంచి వచ్చినవాళ్ళు మాత్రం సబ్బుతో చేతులు బాగా కడుక్కున్నాకే బిడ్డని ముట్టుకోవాలి.

కొన్ని ఆసుపత్రుల్లో సూదికి రెండు నిమిషాల ముందు నాలుక మీద కొలిచిన చక్కెర ద్రావణం చుక్కలు వేస్తారు. అది వాళ్ళ పని. ఇంట్లో పంచదార నీళ్ళు, తేనె నాకించడం వద్దు. ఏడాది లోపు పిల్లలకి తేనె ప్రమాదం. పారాసిటమాల్ చుక్కలు కూడా డాక్టర్ చెప్పకుండా వేయొద్దు.

నర్సమ్మతో ఏం చెప్పాలి?

మొహమాటం వద్దు. "సిస్టర్, నేను పాలిస్తూ ఉంటాను, అప్పుడు వేయండి" అని నవ్వుతూ అడగండి. రక్తం పరీక్షలు చాలా ఉంటే, "అన్నీ ఒకేసారి తీయడం కుదురుతుందా?" అనండి. బిడ్డ పరిస్థితిని బట్టి కాదంటే వినండి, కానీ అడగడం మీ హక్కు.

ఇంకో మాట. ఏడుస్తాడని టీకాలు మాత్రం మానొద్దు. తగ్గించాల్సింది నొప్పిని, టీకాలని కాదు. మీ ఇంట్లో నెలలు నిండుతున్న అక్కో వదినో ఉంటే ఈ ఎపిసోడ్ ఈ రోజే వాట్సాప్‌లో పంపండి. ఉంటాను మరి.