మొగము ఎఱ్ఱబాఱు పిల్లలు: శస్త్రచికిత్స విషయమున విచారింపవలసినవి

తరగతిలో ఉపాధ్యాయుడు పేరుపెట్టి పిలిచినంతనే కొందఱు పిల్లల మొగము చెవుల వఱకు ఎఱ్ఱబాఱును. మెడ వేడెక్కును. చెప్పవలసిన మాట నోటనే నిలిచిపోవును. చిన్న వయస్సున ఇది సాధారణమే. వయస్సుతోపాటు చాలమందికి తగ్గిపోవును. కాని కొందఱికి పదునాఱు పదునెనిమిదేండ్లు వచ్చినను పోక, “ఎఱ్ఱబాఱుదునేమో” యను భయమే ప్రత్యేకమైన బాధయై నిలుచును. అట్టివారు సభలో నోరు విప్పరు, పెండ్లిండ్లకు రారు, వ్రాతపరీక్షలో నెగ్గియు ముఖాముఖి ప్రశ్నలకు పోరు. మన పాఠశాలలో తెలుగున చదివి, పై చదువులకు అన్యభాషా కళాశాలలలో చేరు పిల్లలకు ఉచ్చారణ భేదమును గుఱించిన సంకోచము దీనికి తోడగుట కలదు.

ఇటీవల ఇట్టి పిల్లలే సెల్‌ఫోనులో చదివి, “చిన్న ఆపరేషనుతో ఇది పోవునట, చేయింపుడు” అని తల్లిదండ్రుల నడుగుచున్నారు. ఆ ఆపరేషను నిజముగా కలదు. అది ఫలించుటయు కలదు. అందుచేత దానిని విన్నంతనే కొట్టివేయుటగాని, తొందరపడి అంగీకరించుటగాని తగదని మా అభిప్రాయము.

మొదట ఎఱ్ఱబాఱుట ఎట్లు జరుగునో చూతము. మన ఇచ్ఛతో పనిలేక గుండెను, చెమటగ్రంథులను, రక్తనాళములను నడపు నాడులు శరీరమున గలవు. వానిలో ఉద్రేకసమయమున మేల్కొను భాగమునకు సహానుభూత నాడీమండలమని పేరు. వెన్నెముకకు ఇరుప్రక్కల, ప్రక్కటెముకల మొదళ్ళను ఆనుకొని, ముడులు ముడులుగా నున్న గొలుసువలె ఇది దిగును. మొగమునకు సంబంధించిన నాడులు ఱొమ్ము పైభాగమున వెన్నుపామునుండి బయలుదేఱి, ఈ గొలుసు వెంబడి పైకెక్కును. నలుగురు తన్నే చూచుచున్నారను తలపు కలిగినంతనే మొగమునందలి సన్నని రక్తనాళములు వెడల్పై రక్తముతో నిండును. అచ్చట ఆ నాళములు దట్టముగను, చర్మపు పైభాగమునకు దగ్గఱగను ఉండుటచే రంగు వెంటనే బయటపడును.

భరతుని నాట్యశాస్త్రము చెప్పిన ఎనిమిది సాత్త్వికభావములలో స్వేదము, రోమాంచము, వైవర్ణ్యము అను మూడును ఉన్నవి. చెమట పట్టుట, వెండ్రుకలు నిక్కుట, రంగు మాఱుట యని వాని యర్థము. మనస్సు కదలనిదే ఊరక తెచ్చిపెట్టుకొనుటకు వీలుకానివని వానిని వేఱుగ లెక్కించిరి. ఈ మూటికిని ఈ నాడీమండలముతోనే సంబంధము కలదని నేటి శరీరశాస్త్రము చెప్పుచున్నది. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. శస్త్రచికిత్సయందలి చిక్కంతయు ఇందే యున్నది.

చార్లెస్ డార్విను 1872లో ప్రకటించిన గ్రంథమున ఎఱ్ఱబాఱుటను విస్తరించి చర్చించెను. ఇతరులు మనలను గుఱించి ఏమి తలంతురో యను ఆలోచనయే దీనికి మూలమనియు, నల్లని మేనిచాయ గల జాతులలోను ఇది కలదనియు ఆయన చెప్పెను. మనలో చామనచాయవారే అధికము. అట్టివారి బుగ్గలమీది ఎఱుపు ఎదుటివారికి అంతగా తెలియదు. వేడి మాత్రము పిల్లవానికి తెలియును. తనకు తెలిసినదంతయు లోకమునకు కనబడుచున్నదని వాడు నమ్మును. 1990ల చివర నెదర్లాండ్సు పరిశోధకులు యంత్రములతో కొలిచి చూడగా, ఎఱ్ఱబాఱుటకు మిక్కిలి భయపడు వారి బుగ్గలు భయపడని వారి బుగ్గలకంటె ఎక్కువ ఎఱ్ఱబాఱలేదని తేలినది. అందఱి విషయమున ఇట్లే యని కాదు. నిజముగనే తీవ్రముగా కందిపోవువారును కలరు. ఐనను భయమునకు చికిత్స వేఱు, ఎఱుపునకు చికిత్స వేఱు అని దీనివలన తెలియుచున్నది.

ఇంటిలో పెద్దలు మొదట మానవలసినది ఒకటి కలదు. “చూడుడు, ఎట్లు కందిపోయెనో!” అని చుట్టముల యెదుట నవ్వులాటకైనను అనరాదు. ఎఱ్ఱబాఱుచున్నావని చెప్పినంతమాత్రమున ఎఱుపు హెచ్చునని పరీక్షలలో కనుగొనిరి. మన కావ్యములలో నాయిక బుగ్గలు కెంపులగుట అందముగా వర్ణితమైనది. నల్లబల్లయొద్ద నిలిచిన కుఱ్ఱవాని బుగ్గలను ఏ కవియు తలపోయలేదు.

తరువాత, ఇది వట్టి సిగ్గేనా యని వైద్యునిచే నిర్ధారణ చేయించుకొనవలెను. రోజేషియా యను చర్మవ్యాధి, థైరాయిడు గ్రంథి అతిగా పనిచేయుట, కొన్ని మందులు, మద్యము, ఇవియును మొగమును ఎఱ్ఱజేయును. మన దేశమున మఱియొక కారణము కలదు. తెలుపు వచ్చునని వైద్యుని అడుగకయే నెలల తరబడి పూయు క్రీములలో బీటామెథాసోను వంటి స్టెరాయిడులు ఉండుట తఱచు. వానివలన చర్మము పలుచబడి, మానినపుడు మొగము మంటతో ఎఱ్ఱనగును. ఇట్టి క్రీములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము కట్టడిచేసినది. ఐనను చీటీ అడుగని అంగళ్ళు నేటికిని కలవు. ఇట్టి పిల్లకు కావలసినది చర్మవైద్యుడు గాని శస్త్రవైద్యుడు కాడు.

సిగ్గువలననే యని తేలినచో మొదటి చికిత్స మాటలతోను అభ్యాసముతోను జరుగునది. నెదర్లాండ్సున రూపొందిన ఒక పద్ధతిలో, మొగమువైపు మఱలు దృష్టిని చేయుచున్న పనివైపునకు, వినుచున్న మాటవైపునకు త్రిప్పుట నేర్పుదురు. మొదట ఇంటిలో, పిదప అంగడిలో, చివఱకు సభలో దానిని అభ్యసింపజేయుదురు. ఎఱ్ఱబాఱుట పూర్తిగా ఆగకపోవచ్చును. ఆగకున్నను పని ఆగదని పిల్లవాడు గ్రహించును. వారములు పట్టు పని యగుటచే ఓర్పు కావలెను. కొందఱికి వైద్యులు ప్రొప్రనలాలు వంటి గుండెదడను తగ్గించు మందు నిత్తురు. ఉబ్బసము గలవారికి అది ప్రమాదకరము. కావున పొరుగువారి మాత్ర అడిగి వేసికొనుట కూడదు. ఇట్టి సిగ్గును పరభాషలో చెప్పుకొనుట మఱింత కష్టము. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీమానస్ అను ప్రభుత్వ మానసికారోగ్య సేవకు 14416 అను సంఖ్యతో ఫోనుచేసి, ఏ రాష్ట్రమున నున్నను తెలుగును ఎంచుకొని మాటాడవచ్చును.

ఇక శస్త్రచికిత్స. రోగికి పూర్తిగా మత్తునిచ్చి, చంకలో చిన్న గాట్లు పెట్టి, ఊపిరితిత్తిని కొంచెము ముడిచి, సన్నని దర్శినితో లోపల చూచుచు రెండవ ప్రక్కటెముకయొద్ద సహానుభూత నాడిని కోయుదురు, లేక క్లిప్పుతో బిగింతురు. రెండుప్రక్కల ఇట్లే చేయుదురు. స్వీడను వైద్యులు తాము చికిత్స చేసిన వారిలో అధికసంఖ్యాకులకు ఎఱ్ఱబాఱుట తగ్గి తృప్తి కలిగినదని 1998లో ప్రకటించిరి. కొందఱికి మాత్రము తగ్గలేదు. కొందఱికి తగ్గియు మరల వచ్చినది.

తగ్గినవారును మూల్యము చెల్లింతురు. కోయబడిన నాడి ఎఱుపును మాత్రమే మోయునది కాదు గదా! మొగమున, తఱచు చేతులలోను చెమట ఆగిపోయి, వీపు, పొట్ట, తొడలయందు చెమట హెచ్చును. ఇది అరుదైన ఉపద్రవము కాదు; చేయించుకొన్నవారిలో చాలమందికి ఎంతోకొంత కలుగునది. కొందఱికి బట్టలు తడిసి రోజున రెండుమూడుమార్లు మార్చుకొనవలసినంత ఉండును. వేడివలన అది హెచ్చును. చల్లని స్వీడనులో ఓర్చుకొనగల చెమటను చెన్నపట్టణపు మేనెలలో, బరంపురపు ఉక్కలో, యానాము తీరమున ఓర్చుకొనుట వేఱు మాట. పరదేశపు లెక్కలను చదువు తల్లిదండ్రులు ఈ భేదమును మఱువరాదు. కారము తిన్నపుడు మొగమున చెమట క్రమ్ముట, నాడి కొట్టుకొనుట మందగించుట కొందఱికి కలుగును. ఊపిరితిత్తి చుట్టును గాలి చేఱుట, ఒక కంటిరెప్ప వాలిపోవుట అరుదుగా జరుగును. క్లిప్పు తీసివేసినచో పూర్వస్థితి వచ్చునను హామీ లేదు. కోసినచో అతుకుట లేదు.

ఈ కారణములచేతనే 2014లో ఇంగ్లండునందలి నైస్ అను ప్రభుత్వ వైద్యసంస్థ, ఇతర చికిత్సలకు లొంగక జీవనమునే కుంటుపఱచు తీవ్రమైన ఎఱ్ఱబాఱుటకు మాత్రమే ఈ చికిత్సను ఆలోచింపవలెనని చెప్పినది. చేయించుకొని తరువాత విచారించువారును కలరని రోగికి ముందుగనే తెలుపవలెననినది. అఱచేతి చెమటకై ఇదే శస్త్రచికిత్సను ఇరువదేండ్లలోపు వారికి చేయరాదని తైవాను ప్రభుత్వము 2004లో నిషేధించినది.

బడి చదువు ముగియని పిల్లకు తల్లిదండ్రులు సంతకము చేసి ఈ నాడిని కోయించుట మాకు సమ్మతము కాదు. ఈడు వచ్చి, పై పద్ధతులను ఒకటి రెండేండ్లు శ్రద్ధతో అవలంబించియు మేలు కానక, నష్టములను తానుగా చదివి తెలిసికొని, “ఈ చెమటనైనను భరింతును గాని ఆ ఎఱుపును భరింపలేను” అను యువకుని మాట వేఱు. అతనిని పిఱికియని నిందింపక, శస్త్రవైద్యుని యొద్దకు వెంటబెట్టుకొని పోవుట తండ్రికి తగిన పని. అచ్చట ఎఱ్ఱబాఱుటకై ఇదివఱకు ఎందఱికి చేసితిరి, ఏ ప్రక్కటెముకయొద్ద చేయుదురు, కోయుదురా బిగింతురా యని అడుగవలెను. ఐదేండ్ల క్రిందట చేయించుకొన్నవారు వేసవిలో రోజునకు ఎన్ని చొక్కాలు మార్చుచున్నారో కూడ అడుగవలెను. వీలైనచో అట్టివారిలో ఒకరితో తమ కుమారుని ఏకాంతమున మాటాడనిమ్మని కోరవలెను.